చీటీ మీద ఎనిమిది

ఆ వేసవిలో మాదన్నపేటలో మా గల్లీ గల్లీ అంతా మా గుమ్మం ముందు నిలబడిన రోజు ఒకటుంది. హుస్సేనీ ఆలం నుంచి జహంగీర్ భాయ్ తన ఫియట్ కారులో రెండు అట్టపెట్టెలు వేసుకుని మా ఇంటికి వచ్చిన రోజు. ఆయన షార్జాలో ఒక కార్ల గ్యారేజీలో ఫోర్‌మన్. తమ్ముడి పెళ్లికని సెలవు మీద వచ్చాడు. ఒక పెట్టెలో కారుకు పెట్టే ఆంప్లిఫయరు, నల్లగా, రెండు పక్కలా పక్కటెముకల్లాంటి రేకులతో. రెండో పెట్టెలో తాంబాళాలంత స్పీకర్లు రెండు. వాటిని ఊఫర్లంటారట. అవి పాట పాడవు, పాట కింద నేలను కదిలిస్తాయి అని మా ఆయన ఇస్సాకు నాకు చెప్పాడు.

ఆ ఊఫర్లలో ఒకటి విమానం సామానులో నలిగిపోయి వచ్చింది. కాగితం కోను చిరిగింది. లోపలి తీగచుట్ట, అదే కాయిలు, వంకరపోయింది.

"బరాత్‌ల మా తమ్ముడు గీ కార్లనే కూసుంటడు ఇస్సాకూ. రెండూ మోగాలె. ఒక్కటే మోగితే ఒంటి చెవోని లెక్క ఉంటది," అన్నాడు జహంగీర్ భాయ్.

"రెండూ మోగుతయి భాయ్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ చెయ్యడం మా ఇంట్లో నా పని. ఇస్సాకు పనిచేసే రేడియో దుకాణం మూతపడి అప్పటికి ఐదు నెలలు. ఇంట్లోనే వసారాలో బల్ల వేసుకుని ట్రాన్సిస్టర్లూ టేపురికార్డర్లూ బాగుచేస్తున్నాడు. అంత ఖరీదైన సామాను ఆ బల్ల మీదకి రావడం అదే మొదలు. అయితే నన్ను కుదురుగా ఉండనివ్వని దిగులు సామాను గురించి కాదు. మా రూతు గురించి. దానికి పది నెలలు. జనవరిలో జ్వరం వచ్చి, చూస్తుండగానే కళ్లు పైకి పోయి, చేతులు కాళ్లు కొట్టుకున్నాయి. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. అరవలేదు కూడా. ఇస్సాకే దాన్ని ఎత్తుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదకు పరిగెత్తి, ఆటో ఆపి, ఆసుపత్రిలో పడేశాడు. జ్వరం వచ్చినప్పుడల్లా మళ్లీ రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఇస్సాకు ఏ పని మీద బయటికి వెళ్లినా, సైకిలు చప్పుడు గల్లీ మొదట్లో వినబడేదాకా నా చెయ్యి పిల్ల నుదురు మీదే ఉండేది.

ఇస్సాకుకి ఎంత చిక్కుపడ్డ తీగలైనా లొంగుతాయి, ఇంగ్లీషు అక్షరాలు లొంగవు. నేను ఏడో తరగతి దాకా చదివాను. అమ్మ మంచాన పడితే మానేశాను. అందుకని సామాను మీద ఏం రాసి ఉన్నా నేనే చదివి చెప్పాలి. స్పీకర్ల వెనక అయస్కాంతాల మీద అతికించిన చీటీలు చదివాను, రెండింటి మీదా ఎనిమిది ఓములు. ఆంప్లిఫయరు అడుగున సన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను, నాలుగు ఓముల కన్నా తక్కువ తగిలించరాదు.

"ఓములంటే ఏంది?" అన్నాను.

"స్పీకరు కరెంటుకు ఎంత అడ్డం నిలబడ్తదో గా లెక్క. ట్యాంకుకు నల్లాలు పెట్టినమనుకో. సన్న నల్లాలు రెండు పెడితే నిమ్మలంగ నడుస్తది. అండ్ల ఒకటి పెద్దది, అంటే తక్కువ ఓములది, పెట్టినవా, మోటరు ఎంత పోసినా చాలదు, వేడెక్కి కాలిపోతది. ఎనిమిదీ ఎనిమిదీ పక్కపక్కన కడితే నాలుగు అయితది. ఈ ఆంప్లిఫయరుకు సరిగ్గ గంతే కావాలె."

"ఎనిమిదీ ఎనిమిదీ పదహారు గదా?"

"గది బడి లెక్క. ఇది కరెంటు లెక్క." నవ్వాడు. "ఒకదాని తోక ఇంకొకదానికి కడితే నీ పదహారు వస్తది. కాని చప్పుడు తగ్గుతది. పెండ్లికి చప్పుడు తగ్గితే భాయ్ ఊకుంటడా?"

నలిగిన స్పీకరును బేగంబజార్ వెనక గల్లీలో కోన్లు కట్టే బాలనర్సింహ దగ్గర ఇచ్చి వచ్చాడు. తయారయ్యేనాటికి ఇస్సాకు స్పీకర్లు బిగించే చెక్కపెట్టె కోసం వడ్రంగి దగ్గర కూర్చోవలసి వచ్చింది. మంగళవారం, పప్పులు తెచ్చుకోవడానికి నేనెలాగూ బేగంబజార్ వెళ్తున్నాను కదా అని, ఆ పని నాకు అప్పజెప్పాడు. పిల్లను పక్క వాటా సక్కుబాయి దగ్గర వదిలి వెళ్లాను.

బాలనర్సింహ స్పీకరును పాత చీరముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు. షార్జా నుంచి వచ్చిన కోను బూడిదరంగు, ఇతను కట్టింది నల్లది. వెనక చీటీ మాత్రం పాతదే.

"చెల్లె, గీ ముచ్చట ఇస్సాకుకు యాది మర్వకుండ చెప్పు. ఈ సైజుల ఎనిమిది ఓముల కాయిలు పట్నం మొత్తం దేవులాడినా దొరకలె. ఉన్నదాండ్ల మంచిది ఎక్కించిన. అది నాలుగు. చీటీ మీద ఎనిమిది అని ఉన్నది, గది చూసి కడితే ఆంప్లిఫయరు ఖతం. నేను రేపు పొద్దుగాల అత్తగారి ఊరికి పోతున్న. పదిహేను దినాలు దుకాణం బంద్. నువ్వే చెప్పాలె."

"చెప్త అన్నా," అన్నాను.

దారంతా రిక్షాలో ఆ మాటే వల్లించుకున్నాను, చీటీ మీద ఎనిమిది, లోపల నాలుగు. మరిచిపోతానేమోనని భయం. మరిచిపోలేదు.

ఇంటికొచ్చేసరికి జహంగీర్ భాయ్ మా బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇస్సాకు ముఖం నేను పెళ్లినాడు చూసిన ముఖంలా ఉంది.

"ఆవో బహెన్, నువ్వు గూడ విను," అన్నాడు భాయ్. "మా షేక్ కొత్త గ్యారేజీ తెరుస్తుండు. కార్లల్ల టేపులు, స్పీకర్లు పెట్టేటోడు కావాలె. ఈ పని పక్కాగ చేసినవంటే, పెండ్లి అయినంక ఫోటోలు దింపుకో ఇస్సాకూ. వీసా నా జిమ్మేదారి."

"నాకు ఇంగిలీషు రాదు భాయ్."

"నీ స్క్రూడ్రైవర్‌కు వస్తదా ఇంగిలీషు? దానికి రాకపోతె నీకెందుకయ్యా?"

ఇద్దరూ నవ్వారు. నేను స్పీకరును ఒడిలోనే పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. లోపల సక్కుబాయి పిల్లను జోకొడుతోంది.

"ఎన్నేండ్లు భాయ్?" అన్నాను.

"మూడేండ్లు బహెన్. మధ్యల ఒక్కసారి సెలవు ఇస్తరు."

భాయ్ వెళ్లిపోయాక ఇస్సాకు చీరముక్క విప్పి కొత్త కోను మీద వేలు ఆనించి చూశాడు. "మంచిగ కట్టిండు. ఏమన్నడు బాలనర్సింహ?"

"ఏమంటడు?" అన్నాను. "మంచిగ కట్టిన అన్నడు."

అంతే. అబద్ధమాడాలని కూడా అనుకోలేదు. నోరు దానంతటది ఆ మాట అనేసి మూసుకుంది.

ఓములు కొలిచే ఆయన మీటరు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. స్పీకరును పరీక్షించాలంటే టార్చిలైటు సెల్లుకి రెండు తీగలు పట్టుకుని వెనక తాకించేవాడు. ఆ రోజూ తాకించాడు. కోను తుప్ అని ముందుకు ఎగిరింది. "బతికే ఉన్నది," అన్నాడు. సెల్లుకు స్పీకరు ప్రాణం తెలుస్తుంది. దాని అంకె తెలియదు. చీటీ చదవమని నాకు చూపించాడు.

"ఎనిమిది," అని చదివాను. చదవడం వరకు నిజమే చదివాను.

తర్వాతి రోజుల్లో నేను చేసినవన్నీ చెప్పలేను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఒక పూట పాలు పొయ్యి మీద పెట్టి, మాడు వాసన వచ్చేదాకా పక్కనే నిలబడి ఉన్నాను. ఇస్సాకు వసారాలో చెక్కపెట్టెకు ఎర్ర ముఖమల్ అతికిస్తూ, "షార్జాల ఎండ మన ఎండ కన్నా డబల్ అంట. నీకు కారం పొడి పంపమని రాస్త," అనేవాడు. ఇప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. అంతలో పిల్ల దగ్గేది. నుదురు పట్టుకు చూసేదాన్ని. చల్లగానే ఉండేది. ఈ మనిషి లేకుండా ఇది వేడెక్కిన రోజు నేనేం చెయ్యాలి? మళ్లీ గోడకి ఆనుకుని నిలబడతానా?

ఆంప్లిఫయరు కాలిపోతే జహంగీర్ భాయ్ ఈయన్ని తీసుకుపోడు. నేను చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. వస్తువులన్నాక కాలుతాయి. అనుకున్నప్పుడు అది ఎంతో చిన్న సంగతిలా ఉండేది.

సక్కుబాయి పెనిమిటి నాలుగేళ్ల నుంచి మస్కట్‌లో ఉన్నాడు. నల్లా దగ్గర బిందెల వరసలో కూర్చుని ఆమెనడిగాను, "ఎట్ల ఉన్నవక్కా ఇన్నేండ్లు?"

"ఉండుడు ఏముంది, దినాలు అయే పోతయి." బిందె జరుపుకుంది. "పోయినేడు సెలవుకు వచ్చిండు గదా, ఎయిర్‌పోర్టుకు పోయినం. మా పిల్లగాడు నా కొంగు వెనక దాక్కొని, గా మామ ఎవరే అమ్మా అన్నడు. మామ అంట! నేను మస్తు నవ్విన."

"ఆయనో?"

"ఆయన గూడ నవ్విండు. తర్వాత బాత్‌రూంల చాన సేపు ఉన్నడు." నల్లా కింద బిందె నిండి పొంగుతోంది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. "ఎందుకడుగుతున్నవ్ లీలా? ఇస్సాకుకు గూడ వచ్చిందా ఏంది వీసా?"

"ఇంకా లేదు," అన్నాను.

ఆదివారం చర్చిలో మోకరించి పేరుపేరునా అందరికోసం ప్రార్థించాను. రూతు కోసం, ఇస్సాకు కోసం, మూతపడ్డ రేడియో దుకాణం సేటు కోసం కూడా. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ అనేశాను.

తర్వాతి గురువారం సాయంత్రం కారు మా గుమ్మం ముందుకు వచ్చింది. మర్నాడే పెళ్లి. చెక్కపెట్టెను డిక్కీలో వెనక సీటుకు ఆనించి బిగించాడు ఇస్సాకు. పక్కనే ఆంప్లిఫయరు. పొద్దున్నే భాయ్ ఇంటికి వెళ్లి, స్నానం కూడా చెయ్యకుండా తీగలు సీటు కింద నుంచి లాగి ఉంచాడు. రెండు స్పీకర్లనూ పక్కపక్కన కట్టాడు, చీటీలు చెప్పినట్టే.

జహంగీర్ భాయ్ తన తల్లిని కూడా తీసుకొచ్చాడు. మోకాళ్ల నొప్పులట, కారు దిగలేదు. వెనక సీట్లో, సరిగ్గా ఆ పెట్టె ముందు కూర్చుంది. గుమ్మంలో నా చంకన రూతును చూసి చేతులు చాపింది.

"ఇట్ల ఇయ్యి బేటీ. మా పెద్దోనికి ఇంకా పిల్లలు లేరు, చిన్నోనికి రేపు నిఖా. అప్పటిదాక నీ బిడ్డనే ఆడిస్త."

రూతు కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లదు. ఆ రోజు వెళ్లింది. ఆమె గాజుల మీద చేతులు వేసి ఒడిలో కూర్చుంది.

ఇస్సాకు క్యాసెట్టు పెట్టాడు. మొదట సన్నగా, తర్వాత కొంచెం పెంచాడు. డోలు దెబ్బ పడినప్పుడల్లా కారు అద్దాలు వణికాయి. గల్లీ పిల్లలు చెవులు మూసుకుని కేకలు పెట్టారు. నా గుమ్మం తలుపు గొళ్లెం దానంతటది గలగలలాడింది.

"వాహ్! ఔర్ బఢావ్ మియా!" జహంగీర్ భాయ్ అరిచాడు.

"ఆగుండ్రి భాయ్, కొంచెం కొంచెం పెంచుత." ఇస్సాకు డిక్కీలోకి వంగి ఆంప్లిఫయరు మీద అరచెయ్యి పెట్టాడు. జనవరిలో రూతు నుదురు మీద పెట్టినట్టే పెట్టాడు. కనుబొమలు ముడిచాడు. "గిదేంది, ఇంత జల్ది వేడైంది," అన్నాడు తనలో తను. ఆకాశం వైపు చూశాడు. "ఎండకు కావచ్చు."

నేను కారు తలుపు దగ్గరికి నడిచాను. "ఇయ్యుండ్రమ్మా, పాల టైమైంది," అని పిల్లను తీసేసుకున్నాను. మూడడుగులు వెనక్కి వేశాను. నా పిల్ల నా చంకలో ఉంది, ఇంక నాకేం, అనుకున్నాను. అలా అనుకున్న మాట నిజం, దాచను.

ముసలమ్మ కారు కిటికీలోంచి తల బయటపెట్టింది. "పాలు పట్టి మళ్ల ఇయ్యి బేటీ. నేను ఎక్కడికీ పోను, ఇక్కడే కూసుంట." ఆమె వీపు వెనకే ఆ ఎర్ర ముఖమల్ పెట్టె ఉంది. ఇస్సాకు మళ్లీ కారు ముందుకు వచ్చి పెంచే మీట మీద కుడిచెయ్యి పెట్టాడు.

"అది నాలుగు," అన్నాను.

పాటలో వినబడదనుకున్నాను. ఇస్సాకుకి వినబడింది. మీట మీద చెయ్యి ఆగింది.

"ఏంది?"

"నల్ల కోనుది. ఎనిమిది కాదు, నాలుగు. చీటీ పాతది."

"ఎవరు చెప్పిండ్రు?"

"బాలనర్సింహ అన్న."

ఆయన నా ముఖం చూడలేదు. పాట కట్టేశాడు. గల్లీ అంతా ఒక్కసారి బోసిపోయింది. "పది నిమిషాలు భాయ్," అని డిక్కీలోకి వంగి తీగలు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన మెడ మీద చెమట కారి చొక్కా కాలర్‌లోకి పోవడం చూస్తూ నిలబడ్డాను. ఈసారి ఒక స్పీకరు తోకను రెండోదానికి కట్టాడు.

మళ్లీ పాట పెడితే అద్దాలు వణకలేదు. చప్పుడు మెత్తబడింది. గల్లీ పిల్లలు చెవుల మీంచి చేతులు తీసి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"క్యా ఇస్సాకు, ఇందాక శేర్ లెక్క ఉండె. ఇప్పుడు బిల్లీ అయింది!"

ఇస్సాకు చేతులు గుడ్డతో తుడుచుకుని సూటిగా చెప్పాడు. "భాయ్, బాగుచేసిన దాండ్ల కాయిలు వేరే పడ్డది. రెండిటికి జోడి కుదరదు. ఇందాకటి లెక్క వాయిస్తే బరాత్ సగం తొవ్వ పోకముందే ఆంప్లిఫయరు కాలుతుండె. అమ్మీ వెనక కూసున్నది. ఇప్పుడు చప్పుడు తక్కువ ఉంటది, కాని పొద్దందాక వాయించినా ఏం గాదు. నేనే ముందు చూసుకోవాలె. నాదే తప్పు."

నాదే తప్పు అన్నాడు. నేను రూతు జుట్టులో ముఖం పెట్టుకున్నాను.

జహంగీర్ భాయ్ ఏమంటాడా అని అందరం చూస్తున్నాం. ఆయనకన్నా ముందు ముసలమ్మ అంది, "అల్లా కా షుకర్! ఇందాకటి చప్పుడుకు నా పండ్లన్నీ కదిలినయి. గింత చాలు."

భాయ్ నవ్వేశాడు. ఇస్సాకు భుజం మీద చరిచాడు. "మా గ్యారేజీల కాలబెట్టి కంపెనీ మీద పెట్టేటోళ్లు మస్తు మంది ఉన్నరు. ముందుగాల చెప్పేటోడు ఒక్కడు లేడు. ఫోటోలు దింపుకో."

ఆ సాయంత్రం ఇస్సాకు స్నానం చేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ ఒక్క మాట అన్నాడు. "మంచి మీటరు ఒకటి కొనాలె."

బాలనర్సింహ ఎప్పుడు చెప్పాడని అడగలేదు. మర్నాడూ అడగలేదు. పాస్‌పోర్టు పనుల మీద తిరుగుతున్న రెండు నెలల్లో ఎప్పుడూ అడగలేదు. మధ్యలో ఒకసారి, బాలనర్సింహ ఊరి నుంచి తిరిగొచ్చాడని, అతని దుకాణం మీదుగానే ఇంటికి వచ్చానని అన్నాడు. "మంచిగున్నడు," అని మాత్రం అని బల్ల దగ్గర కూర్చున్నాడు.

కొత్త మీటరు కొన్నాడు. దాన్ని నాకు నేర్పించాడు. "చీటీ చూడకు. ముల్లు చూడు," అనేవాడు. వెళ్లే ముందురోజు తలగడను పిల్లలాగా నా చేతిలో పెట్టి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో చేయించాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. గోడ గడియారం చూస్తూ ఉండాలి. ఆగకపోతే ఆటో. ఒకసారి చేస్తే ఒప్పుకోలేదు. ఆరుసార్లు చేయించాడు. ఆరోసారి నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఆగస్టులో వెళ్లిపోయాడు.

వినాయక చవితి వానల్లో ఒక మధ్యాహ్నం రూతుకు జ్వరం తగిలింది. నా కళ్ల ముందే కళ్లు పైకి పోయాయి. నేను గోడ దగ్గరికి పోలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూశాను. రెండు నిమిషాలకు ఆగింది. అప్పుడు అరిచాను సక్కుబాయి కోసం.

అక్టోబరులో షార్జా నుంచి ఎవరో వస్తే వాళ్ల చేతికి ఒక క్యాసెట్టు ఇచ్చి పంపాడు. ఉత్తరం రాయడం కన్నా ఆయనకు అదే సులువు. ఆయన అతికి బాగుచేసుకున్న పాత టేపురికార్డరులో పెట్టి, రూతును ఒళ్లో కూర్చోబెట్టుకుని విన్నాను. గదిలో ఆరుగురం ఉంటామన్నాడు. కారం పొడి అందింది అన్నాడు. షేక్ కొడుకు కారులో నాలుగు స్పీకర్లు బిగించానన్నాడు. రూతూ, రూతూ, నీ బాపును యాది మర్వకు బిడ్డా అన్నాడు. అది టేపురికార్డరు వెనక్కి పాకి చూసింది.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అయిపోయిందనుకుని ఆపబోయాను.

"లీలా, ఒక ముచ్చట. గా నాలుగు సంగతి బాలనర్సింహ నీకు ఎన్నడు చెప్పిండు? నేను ఆయనను అడగలె. నిన్నే అడుగుదామనుకున్న, ఇంట్ల ఉన్నప్పుడు నోరు రాలె. చెప్పకున్నా సరే."

అక్కడ అయిపోయింది.

రెండు రోజులు ఆ క్యాసెట్టును బల్ల మీదే ఉంచాను. మూడోరోజు పిల్ల పాలు తాగి ఆడుకుంటుండగా రెండో వైపు తిప్పి, ఎర్రమీట నొక్కాను. నల్లాకు రోజు విడిచి రోజు నీళ్లొస్తున్నాయని చెప్పాను. సక్కుబాయి టేపురికార్డరు నేనే విప్పి బాగుచేశానని చెప్పాను. రూతుకు ఫిట్స్ వచ్చిందని, భయపడవద్దని, గడియారం చూశానని చెప్పాను. చెప్పడానికి ఇంకేమీ మిగలలేదు.

"తొమ్మిది దినాల ముందే," అన్నాను. "మంగళవారం చెప్పిండు. అడిగినప్పుడు నీకు అబద్ధం చెప్పిన. నువ్వు పోవద్దని."

టేపు తిరుగుతూనే ఉంది. రూతు పాకుతూ వచ్చి, మైకు ఉండే చిన్న చిల్లుల మీద తన వేలు పెట్టింది. నేను తియ్యలేదు.